ఎయిర్‌లైన్ కార్డుల బోనస్ రెండోసారి వస్తుందా: సిటీ, చేజ్, ఆమెక్స్, బ్యాంక్ ఆఫ్ అమెరికా నిబంధనలపై సమీక్ష

అమెరికాలో ఎయిర్‌లైన్ క్రెడిట్ కార్డుల సమీక్షలు చాలావరకు మొదటిసారి తీసుకునేవాళ్ల కోసమే ఉంటాయి. ఎన్ని మైళ్లు ఇస్తారు, చెక్-ఇన్ బ్యాగు ఉచితమా, లాంజ్‌లోకి రానిస్తారా అని. ఒకసారి బోనస్ అందుకుని, కార్డు వాడి, మూసేసి, మళ్లీ అదే కార్డు వైపు చూస్తున్నవాళ్లకు వాటిలో దొరికేది తక్కువ. ఈ సమీక్ష వాళ్ల కోసం. కార్డు సౌకర్యాలన్నీ పక్కన పెట్టి ఒకే ప్రశ్న మీద నాలుగు బ్యాంకులనూ చూస్తున్నాం: ఒకసారి సైన్-అప్ బోనస్ (కొత్తగా కార్డు తీసుకున్నందుకు ఇచ్చే మైళ్లు) తీసుకున్నవాళ్లకు ఆ బ్యాంకు మళ్లీ ఇస్తుందా, ఇస్తే ఎప్పుడు?

ముందు ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. "24 నెలలు", "48 నెలలు" అనే అంకెలు అందరికీ నోటికి వచ్చు. పొరపాటు జరిగేది అంకె దగ్గర కాదు, ఆ నెలలు ఏ రోజు నుంచి లెక్కించాలన్న దగ్గర. ఒక బ్యాంకు బోనస్ ఖాతాలో పడిన రోజు నుంచి లెక్కిస్తుంది. ఇంకొకటి కార్డు మీ చేతిలో ఉన్నంతకాలం లెక్క మొదలే పెట్టదు, మూసిన రోజు నుంచే మొదలుపెడుతుంది. మరొకటి అసలు లెక్కే పెట్టదు, జీవితానికి ఒక్కసారే అంటుంది. కార్డు తెరిచిన తేదీని మాత్రం గుర్తుపెట్టుకుని, దాని మీద రెండేళ్లో నాలుగేళ్లో కలిపి దరఖాస్తు పెట్టేవాళ్లే ఎక్కువగా నష్టపోతారు.

సిటీతో మొదలుపెడదాం. రెండో బోనస్ విషయంలో నాలుగింటిలోకీ మా ఓటు దీనికే.

అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైళ్ల పథకం పేరు ఆడ్వాంటేజ్. సిటీ ఆడ్వాంటేజ్ ప్లాటినం సెలెక్ట్ కార్డు నిబంధన సూటిగా ఉంటుంది: ఇదే కార్డు మీద గత 48 నెలల్లో కొత్త ఖాతా బోనస్ అందుకుని ఉంటే మళ్లీ రాదు. అంతే. కార్డు ఇప్పుడు మీ దగ్గర ఉందా, ఎప్పుడు మూశారు అన్న ప్రస్తావన అందులో లేదు. ఒకప్పుడు సిటీ నిబంధన ఇంత సరళంగా లేదు. ఖాతా తెరిచినా మూసినా గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలయ్యేది. అందుకే పాత సలహాలు చదివినవాళ్లు ఇప్పటికీ "మూస్తే గడువు మళ్లీ మొదలవుతుందేమో" అని భయపడి, అక్కర్లేని కార్డుకు ఏడాదికి 99 డాలర్ల ఫీజు కడుతూ కూర్చుంటారు. ఇప్పటి నిబంధన ప్రకారం ఆ భయం అక్కర్లేదు. బోనస్ అందిన తేదీ ఒక్కటే లెక్క.

ఆ తేదీ ఏది? బోనస్ కోసం గడువులోగా కార్డు మీద పెట్టాల్సిన కనీస ఖర్చు పూర్తిచేసిన రోజు కాదు. మైళ్లు ఖాతాలో జమ అయిన రోజు. ఉదాహరణకు ఖాతా 2021 నవంబరులో తెరిచి, ఖర్చు 2022 ఫిబ్రవరిలో పూర్తయి, మైళ్లు 2022 మార్చి 18న పడ్డాయనుకుందాం. 48 నెలలు నిండేది 2026 మార్చి 18న. ఖాతా తెరిచిన తేదీ పట్టుకుని 2025 డిసెంబరులోనే దరఖాస్తు పెడితే సిటీ కార్డు ఇవ్వవచ్చు, బోనస్ మాత్రం ఇవ్వదు. ఇక్కడే సిటీతో ఉన్న చిక్కు. అర్హత లేదని ముందే ఆపి చెప్పే పద్ధతి మీద ఆధారపడటానికి లేదు. హార్డ్ పుల్ (దరఖాస్తు మీద బ్యాంకు మీ క్రెడిట్ రిపోర్టు తెప్పించుకున్నట్టు పడే నమోదు) పడుతుంది, కార్డు వస్తుంది, కనీస ఖర్చు పూర్తవుతుంది, చివరికి మైళ్లు రావు. అప్పుడు ఫోన్ చేసి అడిగితే నిబంధన చదివి వినిపిస్తారు. అందుకే 48 నెలలు నిండిన రోజునే పరుగెత్తకుండా మరో స్టేట్‌మెంట్ కాలం, అంటే నెల రోజులు, అదనంగా ఆగడం మంచిది. పై ఉదాహరణలో ఏప్రిల్ మూడో వారం సురక్షితం.

తేదీ వెతకడానికి రెండు చోట్లున్నాయి. ఒకటి ఆడ్వాంటేజ్ ఖాతాలోని యాక్టివిటీ, రెండు ఆ నెల సిటీ స్టేట్‌మెంట్. రెండిటి మధ్య కొన్ని రోజుల తేడా ఉంటే రెండిటిలో తర్వాతి తేదీనే తీసుకోండి. ఎయిర్‌లైన్ ఖాతాలో పాత యాక్టివిటీ ఎల్లకాలం కనబడదు, కార్డు మూశాక సిటీ ఆన్‌లైన్ ఖాతాలో పాత స్టేట్‌మెంట్లు తీసుకోవడమూ కష్టమవుతుంది. బోనస్ పడిన నెల స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌ను అప్పుడే దించి దాచుకుంటే నాలుగేళ్ల తర్వాత ఊహాగానాలు ఉండవు.

సిటీలో ఇంకో మంచి సంగతి, లెక్క ఒక్కో కార్డుకు విడివిడిగా సాగుతుంది. ప్లాటినం సెలెక్ట్ బోనస్ తీసుకున్నంత మాత్రాన ఎగ్జిక్యూటివ్ కార్డుకో, 2025లో వచ్చిన గ్లోబ్ కార్డుకో, బిజినెస్ కార్డుకో తలుపు మూసుకోదు. ఫీజులు మాత్రం చూసుకోవాలి: ఎగ్జిక్యూటివ్‌కు 595 డాలర్లు, గ్లోబ్‌కు 350. ప్లాటినం సెలెక్ట్ 99 డాలర్లు, మొదటి పన్నెండు నెలలకు అదీ ఉండదు. ఒకేసారి రెండు పెట్టేద్దామనుకునేవాళ్లు సిటీ దరఖాస్తుల మధ్య విరామం గుర్తుంచుకోవాలి. ఎనిమిది రోజుల్లో ఒక కార్డు, 65 రోజుల్లో రెండు కార్డులకు మించి సిటీ ఆమోదించదన్నది దరఖాస్తుదారుల అనుభవం నుంచి తేలిన లెక్క. బ్యాంకు ప్రకటించిన నియమం కాకపోయినా దాన్ని దాటే ప్రయత్నం వృథా.

48 నెలల వాక్యం లేని ఆఫర్ కనబడితే ఏం చేయాలి అని చాలామంది అడుగుతారు. మీ పేరు మీద, మీ ఆడ్వాంటేజ్ నంబరుకు, మీ ఇంటికే వచ్చిన ఉత్తరంలో ఆ వాక్యం లేకపోతే నిశ్చింతగా వాడుకోవచ్చు. ఇతరుల ఉత్తరంలోని ఇన్విటేషన్ కోడ్‌ను మాత్రం ముట్టుకోవద్దు. సిటీ ఉత్తరాల కోడ్‌లను ఒకరి నుంచి ఒకరు తీసుకుని, ఒకే కార్డును మళ్లీ మళ్లీ తెరిచి బోనస్‌లు పోగేసినవాళ్ల ఆడ్వాంటేజ్ ఖాతాలను 2019 చివర్లోనూ ఆ తర్వాతా అమెరికన్ ఎయిర్‌లైన్స్ మూసేసింది. పోయింది ఒక్క బోనస్ కాదు, ఖాతాలో ఉన్న మైళ్లన్నీ. 2026 నుంచి అమెరికన్ ఎయిర్‌లైన్స్ కార్డులకు సిటీ ఒక్కటే బ్యాంకు. ఇదే ఎయిర్‌లైన్‌కు బార్‌క్లేస్ బ్యాంకు ఇచ్చిన ఏవియేటర్ కార్డు దారి ఇక లేదు కాబట్టి సిటీతో పేచీ పెట్టుకుంటే ఈ ఎయిర్‌లైన్‌కు వేరే కార్డు తలుపు ఉండదు. ఈ మాట తేలిగ్గా తీసుకోవద్దు.

ఇక చేజ్. యునైటెడ్, సౌత్‌వెస్ట్ రెండూ దీని చేతిలోనే ఉన్నాయి కనుక దీన్ని వదిలేయడం కుదరదు.

ఏళ్ల తరబడి చేజ్ వాడిన వాక్యంలో రెండు షరతులున్నాయి: ఆ కార్డు ప్రస్తుతం మీ దగ్గర ఉండకూడదు, గత 24 నెలల్లో ఆ కార్డు బోనస్ అందుకుని ఉండకూడదు. రెండూ తీరాలి. బోనస్ వచ్చి నాలుగేళ్లయినా కార్డు పర్సులో ఉంటే మొదటి షరతు దగ్గరే ఆగిపోతారు. కార్డు మూసేసినా బోనస్ వచ్చి ఇరవై నెలలే అయితే రెండో దాని దగ్గర ఆగుతారు. మూసిన తర్వాత ఇన్ని రోజులు ఆగాలని ఆ వాక్యంలో లేదు కానీ, మూత రికార్డుల్లోకి ఎక్కడానికి కనీసం నెల రోజులు ఇవ్వడం మంచిది. మూయడానికి బదులు ఫీజు లేని కార్డుకు మార్చుకున్నా మొదటి షరతు తీరుతుంది, పైగా ఆ ఖాతా వయసు క్రెడిట్ రిపోర్టులో కొనసాగుతుంది. ఇలా ఉన్న కార్డును మార్చుకోవడం (ప్రోడక్ట్ చేంజ్) ద్వారా వచ్చిన కార్డుకు మాత్రం సైన్-అప్ బోనస్ రాదని మరిచిపోవద్దు. యునైటెడ్ ఎక్స్‌ప్లోరర్ కార్డును యునైటెడ్ క్వెస్ట్‌గా మార్చుకుంటే క్వెస్ట్ బోనస్‌ను చేజేతులా వదులుకున్నట్టే.

సౌత్‌వెస్ట్ మరింత కఠినం. ప్లస్, ప్రీమియర్, ప్రయారిటీ మూడింటినీ ఒకే కుటుంబంగా చూసి, వాటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగతా రెండిటి బోనస్‌కు అర్హత లేదనే నిబంధన చాలాకాలం నడిచింది. బిజినెస్ కార్డులు ఆ లెక్కలోకి రావు.

ఇదంతా చెప్పాక ఒక హెచ్చరిక తప్పదు. 2025 జూన్‌లో సఫైర్ రిజర్వ్ కార్డును తిరగరాసినప్పుడు చేజ్ నెలల లెక్కను తీసేసి, గతంలో ఈ కార్డు ఉన్నా, దీని బోనస్ తీసుకున్నా కొత్త బోనస్ రాకపోవచ్చు అనే అర్థంలో వాక్యం పెట్టింది. అది ఎయిర్‌లైన్ కార్డు కాదు, కానీ బ్యాంకు మొగ్గు ఎటుందో దాన్నిబట్టి తెలుస్తోంది. అందుకే చేజ్ విషయంలో మా సలహా ఒక్కటే: దరఖాస్తు పెట్టే రోజున, ఆ పేజీలోని ఆఫర్ వివరాలు తెరిచి, "బోనస్" అన్న మాట ఉన్న ప్రతి వాక్యాన్నీ చదవండి. 24 నెలల వాక్యం ఉంటే పై లెక్క వాడండి. "రాకపోవచ్చు" అని ఉంటే, దరఖాస్తు మధ్యలో అర్హత లేదన్న సందేశం కనబడితే అక్కడే ఆపేయండి. ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. తర్వాత వివాదం వస్తే చేతిలో ఉండే ఆధారం అదే.

చేజ్‌కు 5/24 అనే మరో గేటు ఉంది. గత 24 నెలల్లో ఏ బ్యాంకులో అయినా ఐదు లేదా అంతకుమించి వ్యక్తిగత కార్డులు తెరిచి ఉంటే చేజ్ కార్డే ఇవ్వదు, ఇక బోనస్ ప్రశ్నే రాదు. భార్యాభర్తల్లో ఒకరి కార్డు మీద మరొకరిని ఆథరైజ్డ్ యూజర్‌గా చేర్చినా అది రిపోర్టులో కొత్త ఖాతాగా కనబడి లెక్కలోకి ఎక్కుతుంది. చాలామందికి తిరస్కరణ ఉత్తరం వచ్చాకగానీ ఈ సంగతి తెలియదు. అలాంటప్పుడు తిరస్కరణను పునఃపరిశీలించే రీకన్సిడరేషన్ లైన్‌కు ఫోన్ చేసి, ఆ ఖాతా బాధ్యత నాది కాదు, ఆథరైజ్డ్ యూజర్‌ను మాత్రమే అని వివరిస్తే మళ్లీ చూసే అవకాశం ఉంది. లెక్క సరిచూసుకోవడానికి యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ సైట్‌లో మూడు క్రెడిట్ బ్యూరోల రిపోర్టులూ వారానికోసారి ఉచితంగా దొరుకుతాయి. లెక్కలోని ఐదింటిలో అన్నిటికన్నా పాత కార్డు 24 నెలలు దాటిన రోజునే కాకుండా, ఇరవై అయిదో నెల మొదలయ్యాక పెట్టండి.

చేజ్, ఆమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) బిజినెస్ కార్డులు వ్యక్తిగత రిపోర్టులో కనబడవు కాబట్టి 5/24 లెక్కకు ఎక్కవు. అది చూసి చాలామంది బిజినెస్ కార్డుల వైపు మళ్లుతారు. నిజంగా వ్యాపారం ఉన్నవాళ్లకు, చిన్నదైనా సరే, అది మంచి దారే. సోల్ ప్రొప్రైటర్‌గా, అంటే ఒక్కరే యజమానిగా, సోషల్ సెక్యూరిటీ నంబరుతోనే దరఖాస్తు పెట్టవచ్చు. లేని వ్యాపారాన్ని ఉన్నట్టు రాయడం మాత్రం క్రెడిట్ దరఖాస్తులో తప్పుడు ప్రకటన, అది ఫెడరల్ నేరం. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు సొంత వ్యాపారం నడిపే అనుమతి సాధారణంగా ఉండదు కనుక వాళ్లు ఈ దారి జోలికి పోకపోవడమే క్షేమం. కొన్ని వేల మైళ్ల కోసం వీసాను ప్రమాదంలో పెట్టుకునేంత విషయం కాదిది.

సౌత్‌వెస్ట్ రెండో బోనస్‌కు సమయం చూసుకోవడంలో ఉన్న లాభం మరే కార్డుకూ లేదు. తోడుగా ఒకరిని టికెట్ ధర లేకుండా తీసుకెళ్లనిచ్చే కంపానియన్ పాస్‌కు ఒక క్యాలెండర్ సంవత్సరంలో 135,000 అర్హత పాయింట్లు కావాలి. అవి వచ్చిన సంవత్సరంలో మిగిలిన కాలానికీ, తర్వాతి సంవత్సరం మొత్తానికీ పాస్ చెల్లుతుంది. కాబట్టి బోనస్ జనవరి, ఫిబ్రవరి నెలల్లో పడితే పాస్ దాదాపు రెండేళ్లు నడుస్తుంది. అదే బోనస్ డిసెంబరు చివర్లో పడితే ఆ పాయింట్లు పాత సంవత్సరం లెక్కలోకి పోతాయి, జనవరి 1న మళ్లీ సున్నా. పాయింట్లు స్టేట్‌మెంట్ ముగిశాక సౌత్‌వెస్ట్ ఖాతాకు వెళతాయి. అక్టోబరు చివర్లో గానీ నవంబరులో గానీ కార్డు తీసుకుని, కనీస ఖర్చులో చివరి భాగాన్ని డిసెంబరు స్టేట్‌మెంట్ ముగిశాకే పూర్తిచేస్తే బోనస్ కొత్త సంవత్సరంలో పడుతుంది. మూడు నెలల గడువు దాటిపోకుండా రెండు తేదీలూ పక్కపక్కన రాసుకోవాలి.

బ్యాంక్ ఆఫ్ అమెరికా గురించి తక్కువే చెప్పాలి, కానీ ఆ తక్కువలోనే అందరూ తడబడతారు. అలాస్కా ఎయిర్‌లైన్స్ కార్డు, ఇప్పటి పేరు అట్మాస్ రివార్డ్స్ అసెంట్, నిబంధనలో ఉన్నది బోనస్ గురించిన మాట కాదు. కార్డు ప్రస్తుతం ఉన్నా, గత 24 నెలల్లో ఎప్పుడైనా ఉన్నా అర్హత లేకపోవచ్చు అనే తరహా వాక్యం. అంటే 2021లో బోనస్ తీసుకుని, 2025 ఆగస్టు దాకా కార్డు ఉంచుకుని అప్పుడు మూసినవాళ్లకు లెక్క ఆ ఆగస్టులోనే మొదలవుతుంది, 2027 ఆగస్టులో ముగుస్తుంది. ఇదే మనిషికి సిటీలో అయితే మధ్యలో మూసినా మూయకపోయినా నాలుగేళ్ల గడువు ఈపాటికి తీరిపోయేది. కాబట్టి అలాస్కా కార్డును ఏటా 95 డాలర్లు కట్టి అలవాటుగా ఉంచుకోవడానికి ఒక ధర ఉంది: ఉంచుకున్న ప్రతి సంవత్సరమూ రెండో బోనస్‌ను ఒక సంవత్సరం వెనక్కి నెడుతుంది. కార్డు వాడుతుంటే ఉంచండి, వాడకపోతే త్వరగా మూయండి. మధ్యస్థంగా ఉండటమే నష్టం. ఈ బ్యాంకులో రెండు నెలల్లో రెండు, పన్నెండు నెలల్లో మూడు, 24 నెలల్లో నాలుగు కార్డులకు మించి రావన్న లెక్క కూడా వాడుకలో ఉంది.

ఆమెక్స్ డెల్టా కార్డులు రెండో బోనస్‌కు అందరికన్నా అధ్వానం, నిజాయితీలో మాత్రం అందరికన్నా మెరుగు. నిబంధన ఒక్క ముక్క: ఈ కార్డు ఉన్నవాళ్లకు, ఎప్పుడైనా ఉండినవాళ్లకు వెల్‌కమ్ ఆఫర్, అంటే సైన్-అప్ బోనస్, రాకపోవచ్చు. బోనస్ తీసుకున్నారా లేదా అన్నదీ అక్కర్లేదు, కార్డు ఉండి ఉంటే చాలు. ఏడేళ్లు గడిస్తే పాత రికార్డు మరుగున పడుతుందని, మళ్లీ బోనస్ వచ్చిందని చెప్పేవాళ్లున్నారు. నిబంధనల్లో ఆ మాట లేదు, దాన్ని నమ్ముకుని ప్రణాళిక వేయకూడదు.

2023లో మరో ముడి వేశారు. పై మెట్టు డెల్టా కార్డు ఒకసారి తీసుకున్నాక కింది మెట్టు కార్డు బోనస్ దొరక్కపోవచ్చు. రిజర్వ్ తీసుకున్నవాళ్లకు ప్లాటినం, గోల్డ్ బోనస్‌లు పోతాయి. కాబట్టి డెల్టాలో "మళ్లీ అర్హత" అంటే అదే కార్డు మళ్లీ రావడం కాదు, కింది నుంచి పైకి వరుసగా ఎక్కడం: ముందు బ్లూ, తర్వాత గోల్డ్, తర్వాత ప్లాటినం, చివర రిజర్వ్. ఫీజులు గోల్డ్‌కు 150 డాలర్లు, ప్లాటినంకు 350, రిజర్వ్‌కు 650. ఈ వరుసను చెడగొట్టేది ఎక్కువగా అప్‌గ్రేడ్ ఆఫర్. గోల్డ్ ఉన్నవాళ్లకు ప్లాటినంకు మారితే కొన్ని మైళ్లు ఇస్తామని ఈమెయిల్ వస్తుంది. ఒప్పుకుంటే ప్లాటినం "ఉండినవాళ్ల" జాబితాలోకి చేరతారు, కొత్త ఖాతాకు ఇచ్చే పెద్ద ఆఫర్ పోతుంది. అప్‌గ్రేడ్ మైళ్లు కొత్త ఖాతా బోనస్‌తో సమానంగా ఉంటే తప్ప ఒప్పుకోవద్దు.

నిజాయితీ అన్నది ఎందుకంటే, అర్హత లేకపోతే ఆమెక్స్ దరఖాస్తు మధ్యలో ఒక సందేశం చూపి, బోనస్ లేకుండానే ముందుకెళతారా అని అడుగుతుంది. అక్కడ ఆపేస్తే హార్డ్ పుల్ పడదు. సిటీలో పది వారాల తర్వాత తెలిసే సంగతి ఇక్కడ రెండు నిమిషాల్లో తెలుస్తుంది. అప్పుడప్పుడు జీవితకాల వాక్యం లేని ఆఫర్లు పాత కస్టమర్లకు ఈమెయిల్‌లోనో, ఉత్తరంలోనో, ఖాతాలో లాగిన్ అయినప్పుడో వస్తాయి. డెల్టా కార్డు మీద రెండో బోనస్‌కు నికరమైన దారి అదొక్కటే. ప్రచార ఈమెయిళ్లు ఆపేసి ఉంటే ఆమెక్స్ ఖాతా సెట్టింగ్స్‌లో మళ్లీ తెరిచి పెట్టుకోండి.

అర్హత దొరికాక బోనస్ జారిపోయే సందర్భాలు అన్ని బ్యాంకుల్లోనూ ఒకేలా ఉంటాయి. కనీస ఖర్చు లెక్క ఖాతా ఆమోదం పొందిన రోజు నుంచి మొదలవుతుంది, కార్డు తపాలాలో చేరిన రోజు నుంచి కాదు. వారం పది రోజులు అక్కడే పోతాయి. వార్షిక ఫీజు, వడ్డీ, క్యాష్ అడ్వాన్స్, బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ ఖర్చుగా లెక్కకు రావు. వెనక్కిచ్చిన వస్తువు విలువ ఖర్చులోంచి తీసేస్తారు, అందుకే గీత దగ్గర ఆగకుండా ఓ 200 డాలర్లు ఎక్కువ పెట్టండి. గిఫ్ట్ కార్డులతో ఖర్చు నింపడాన్ని ఆమెక్స్ సహించదు, ఇచ్చిన మైళ్లు వెనక్కి లాక్కుంటుంది. ఏడాది లోపు కార్డు మూసినా, కింది మెట్టుకు మార్చినా అదే హక్కు తనకుందని నిబంధనల్లోనే రాసుకుంది. రెండో సంవత్సరం ఫీజు పడిన స్టేట్‌మెంట్ వచ్చాక 30 రోజుల్లోపు మూస్తే ఆ ఫీజు సాధారణంగా వెనక్కి వస్తుంది కనుక, ఏ బ్యాంకులోనైనా ఏడాది నిండేదాకా ఆగి అప్పుడు మూయడమే మేలు.

క్రెడిట్ ఫ్రీజ్ (తమ రిపోర్టు కొత్త బ్యాంకులకు అందకుండా వేసుకునే తాళం) పెట్టుకున్నవాళ్లు దరఖాస్తుకు ముందు మూడు బ్యూరోల్లోనూ దాన్ని తాత్కాలికంగా ఎత్తాలి. హార్డ్ పుల్ రిపోర్టులో రెండేళ్లు ఉన్నా ఫైకో క్రెడిట్ స్కోరు మీద దాని ప్రభావం పన్నెండు నెలలే. ఏడాదిలోపు ఇంటి లోన్ తీసుకునే ఆలోచన ఉంటే మాత్రం ఈ కార్డులన్నీ లోన్ క్లోజింగ్ అయ్యాకే.

ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లకు మేం చెప్పే వరుస ఇది: 5/24 లోపల ఉండగా ముందు చేజ్, ఆ తర్వాత సిటీ. వ్యక్తిగత డెల్టా కార్డుల్లో బ్లూ, గోల్డ్ పూర్తవకుండా పైకి ఎక్కవద్దు. అలాస్కా కార్డు తీసుకున్న రోజే మూసే నెలను క్యాలెండర్‌లో పెట్టుకోండి. సిటీకి మాత్రం కార్డు పేరు, మైళ్లు పడిన తేదీ, దానికి 49 నెలలు కలిపిన తేదీ ఒకే కాగితం మీద రాసి, ఆ నెల స్టేట్‌మెంట్‌తో కలిపి దాచండి.